గోడ పగలగొట్టే ముందు: తిరుపతి ఎం.ఆర్.పల్లి ఇంటి ప్లంబింగ్ డైరీ

2024 సెప్టెంబరు 14, శనివారం

అమ్మ గదిలో బీరువా జరిపితే వెనక గోడంతా చెమ్మ. మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోరుతో గీరితే పెచ్చు ఊడి తెల్లటి ఉప్పులాంటి పొడి రాలింది. ఆ గోడకు అవతలి పక్క బాత్‌రూమ్. నెల రోజులుగా రోజుకు రెండుసార్లు మోటారు వేయాల్సి వస్తోందని అమ్మ అంటూనే ఉంది. ముగ్గురమే ఉండే ఇంట్లో వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్క పూటకే ఎలా అయిపోతోందా అనుకుంటూ రోజులు గడిపేశాం. ఆ మోటారు సంగతీ ఈ చెమ్మ సంగతీ ఒకటేనని ఈరోజు తట్టింది.

ఇల్లు 1996లో నాన్న కట్టించింది. పైపులన్నీ అప్పటి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే, గోడల లోపల. ఏ పైపు ఎటు నుంచి ఎటు పోతోందో నాన్నకు తెలుసు, పని చేసిన మేస్త్రీకి తెలుసు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఎక్కడా రాసి పెట్టిన కాగితం లేదు. మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత మా అమ్మాయికి ఇదే ఇబ్బంది రాకూడదని ఈ పని మొదలైన రోజు నుంచే రాసి పెడుతున్నాను.

ఇంట్లో మిగతా జబ్బులు కూడా ఇక్కడే రాస్తాను. వంటింటి కొళాయిలో నీళ్లు దారంలా వస్తున్నాయి. ఫ్లష్ ట్యాంకు నిండాక కూడా సన్నగా చప్పుడు వస్తూనే ఉంటుంది. వెనక బాత్‌రూమ్‌లో మురుగు వాసన. సంపు కడిగి మూడేళ్లు దాటింది.

సెప్టెంబరు 15, ఆదివారం

పక్క వీధిలో కడుతున్న ఇంట్లో పని చేసే ప్లంబర్‌ను పిలిచాను. గోడ తట్టి చూశాడు, బాత్‌రూమ్‌లోకి తొంగి చూశాడు, ఐదు నిమిషాల్లో మాట తేల్చేశాడు. "టైల్స్ అన్నీ తీసేసి లైనంతా కొత్తగా వేయాల మేడం. మొత్తం కాంట్రాక్టు 48 వేలు." ఎక్కడ కారుతోందని అడిగాను. "పగలగొడితే తెలుస్తుంది" అన్నాడు.

అతను మోసం చేయాలని చూశాడని నేను అనను. ఇరవై ఎనిమిదేళ్ల జీఐ లైను, మార్చాల్సిందే కావచ్చు. నాకు నచ్చనిది వేరే. మోటారు రోజుకు ఎన్నిసార్లు వేస్తున్నారు, చెమ్మ ఎప్పటి నుంచి, గీజరు వాడిన రోజున పెరుగుతోందా, ఇవేవీ అడగలేదు. మిద్దె ఎక్కి ట్యాంకు చూడలేదు. ఏమీ అడగని మనిషి చేతికి గోడ అప్పగించడానికి నాకు మనసు ఒప్పలేదు.

సెప్టెంబరు 18, బుధవారం

రెండో ఆయన సామాన్ల కోసమని 2,000 అడ్వాన్సు తీసుకున్నాడు. రేపు పొద్దున్నే వస్తానన్నాడు. రెండు రోజులైంది, ఫోను ఎత్తడం లేదు. బ్రహ్మోత్సవాలు అక్టోబరు 4న మొదలవుతున్నాయి. ఈ నెలంతా లాడ్జీలు, సత్రాల్లో రిపేర్ల పని ఊపందుకుంటుందనీ, ఒక్కొక్క చోట ఇరవై ముప్పై బాత్‌రూములు ఉంటాయనీ, అవి వదిలి ఒక్క ఇంటి పనికి ఎవరూ రారనీ ఎదురింటి అత్త చెప్పింది. తిరుపతిలో ఇంటి పనులు పెట్టుకునేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి. బ్రహ్మోత్సవాల ముందు నెలలో ప్లంబర్ దొరకడం కష్టం. ఇంకో మాట కూడా రాసుకున్నాను: సామాన్లకు డబ్బు చేతికివ్వకూడదు, సామాన్లు మనమే కొనాలి.

సెప్టెంబరు 20, శుక్రవారం

వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఒక పెద్దాయన నంబరు ఇచ్చాడు. అరవై దాటిన మనిషి. ఎక్సెల్ బండికి ముందు పనిముట్ల సంచి, వెనక పైపు రెంచీ కట్టుకుని వచ్చాడు. అమ్మను అక్కా అనీ నన్ను అమ్మా అనీ పిలుస్తాడు. గోడ చూసి ఏమీ అనలేదు. నేరుగా మిద్దె ఎక్కాడు.

"రేత్రి ట్యాంకు నింపి, పొద్దున ఎంత తగ్గిందో చూస్తిరా అమ్మా?"

లేదన్నాను.

"యాడ కారతా ఉందో తెలీకుండా గోడ పగలగొడితే ఎట్లమ్మా? చెమ్మ కనబడిన చోటే కారతా ఉండాలని ఏమీ లేదు. నీళ్లు పైపు ఎంబడే పోయి, దారి దొరికిన చోట బయటపడతాయి. ఈ రేత్రికి కొలిచి పెట్టు. రేపు వస్తా."

కూలీ కూడా అప్పుడే తేల్చుకున్నాం. ఆయనకు రోజుకు 1,000, సహాయకుడికి 650. సామాన్లు మేమే కొంటాం, ఆయన చీటీ రాసిస్తాడు. పగలగొట్టాక గోడ పూడ్చడం, టైల్స్ వేయడం తాపీ మేస్త్రీ పని, తన కూలీలో కలవదని ముందే చెప్పాడు. పని అయ్యాక ఈ మాట మీదే చాలా ఇళ్లలో గొడవ అవుతుంది. చెప్పని పనికి మనం ఎదురుచూస్తాం, ఆయనేమో తనది కాదంటాడు. నోటుపుస్తకంలో రాసి ఆయనకు చదివి వినిపించాను. తల ఊపాడు.

రాత్రి పది గంటలకు ట్యాంకు నింపి, కొళాయిలన్నీ కట్టేసి, వెదురు బద్ద మీద స్కేలుతో గీతలు గీసి ముంచాను. నీటి మట్టం 96 సెంటీమీటర్లు.

సెప్టెంబరు 21, శనివారం

పొద్దున ఐదున్నరకు బద్ద ముంచితే 87. రాత్రి ఎవరూ ఒక్క చెంబు నీళ్లు వాడలేదు. మా ట్యాంకు అడ్డకొలత 108 సెంటీమీటర్లు. అంటే ఒక్కో సెంటీమీటరుకు దాదాపు 9 లీటర్లు. తొమ్మిది సెంటీమీటర్లు అంటే 82 లీటర్లు, ఏడున్నర గంటల్లో. రోజు మొత్తానికి లెక్కేస్తే 260 లీటర్లకు పైనే. కాగితం మీద ఆ అంకె చూశాక కడుపులో కలుక్కుమంది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఇల్లు ఇది.

పెద్దాయన వచ్చి ట్యాంకు నుంచి దిగే రెండు లైన్ల గేట్ వాల్వులను తిప్పి చూశాడు. ఒకటి వంటింటికి, ఒకటి బాత్‌రూములకు. రెండూ బిగుసుకుపోయాయి. ఒకటి తిరిగింది కానీ పూర్తిగా మూసుకోలేదు. గేట్ వాల్వులో ఒక పలక పైనుంచి కిందికి దిగి నీటికి అడ్డం పడుతుంది. ఏళ్ల తరబడి కదపకపోతే బోరు నీళ్ల సున్నం ఆ గాడిలో పేరుకుని పలక కూర్చోదు. అందుకే వాటి చోట బాల్ వాల్వులు పెట్టాడు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. చూడగానే తెలుస్తుంది. సగం రోజు పని, 600 తీసుకున్నాడు.

"ముందు మూయడం చేతకావాల. ఆమీద ఎతుకులాట" అన్నాడు. దిగిపోతూ అమ్మను, మా అమ్మాయిని పైకి పిలిచి ఏ పిడి దేనిదో చూపించాడు. ఇంట్లో పైపు పగిలితే ముందు పరిగెత్తాల్సింది ఇక్కడికేనని మా అమ్మాయికి రెండుసార్లు చెప్పించాడు.

సెప్టెంబరు 24, మంగళవారం

మూడు రాత్రులు కొలిచాం. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

శనివారం రాత్రి బాత్‌రూమ్ లైను మూసి, వంటింటి లైను తెరిచి ఉంచాం. పొద్దునకు మట్టం కదల్లేదు. అంటే వంటింటి లైనులో ఎక్కడా కారడం లేదు.

ఆదివారం రాత్రి బాత్‌రూమ్ లైను తెరిచి, ఫ్లష్ ట్యాంకుకు నీళ్లిచ్చే యాంగిల్ కాక్ మాత్రం కట్టేశాం. పొద్దునకు నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. తొమ్మిదిలో ఐదు ఫ్లష్ ట్యాంకు ఖాతాలోకి పోయాయి. నమ్మలేకపోయాను. గోడ తడుస్తోందని గోడనే చూస్తూ ఉన్నాం, సగానికి పైగా నీళ్లు కమోడ్‌లోంచి చప్పుడు లేకుండా పోతున్నాయి. సోమవారం పొద్దున పెద్దాయన చెప్పినట్టు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, బట్టలకు వేసే నీలం కొన్ని చుక్కలు వేశాను. ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయలేదు. చూస్తే కమోడ్ వెనక వైపు తెల్లటి పింగాణీ మీద నీలం గీత దిగుతోంది. లోపల నీటిని ఆపే రబ్బరు వాషరు గట్టిపడి అంచు వంకరపోయింది. కొత్తది 150 రూపాయలు. ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు, ఖర్చు లేదు. పసుపు మాత్రం వేయొద్దు, మరక పడుతుంది.

సోమవారం రాత్రి గీజరు స్విచ్ ఆపేసి, దానికి నీళ్లు వెళ్లే కాక్ కూడా మూశాం. పొద్దునకు సున్నా. మిగిలిన నాలుగు సెంటీమీటర్లు గీజరు నుంచి వేడినీళ్లు పోయే లైనులోనే కారుతున్నాయి.

48 వేల కాంట్రాక్టులో బాత్‌రూమ్ నాలుగు గోడలూ పగిలేవి. ఇప్పుడు గీజరు కింద ఒక్క వరస మాత్రమే.

సెప్టెంబరు 25, బుధవారం

రెండు టైల్స్ జాగ్రత్తగా తీశాడు. లోపల ఎల్బో (పైపు మలుపు దగ్గరి ముక్క), దానికి బిగించిన చిన్న నిప్పల్ (రెండు వైపులా మర ఉన్న పొట్టి పైపు ముక్క). మర దగ్గర గుండుసూది మొనంత బెజ్జం, చుట్టూ ఎర్రటి తుప్పు. అక్కడే ఎందుకు పోయిందని అడిగాను. జీఐ పైపుకు తుప్పు పట్టకుండా పైన జింకు పూత ఉంటుంది. మర వేసేటప్పుడు ఆ పూత కోసుకుపోతుంది. అందుకే తుప్పు ఎప్పుడూ మర దగ్గరే మొదలవుతుంది, వేడినీళ్లు తగిలితే ఇంకా తొందరగా. తీసిన పైపు ముక్క లోపలికి చూస్తే అరంగుళం దారిలో నా చిటికెన వేలు కూడా పట్టడం లేదు. తుప్పూ సున్నమూ కలిసి లోపల అంతా గరుకుగా పేరుకుపోయింది.

ఇక్కడ ఒక నిర్ణయం. ఆ ఎల్బో ఒక్కటి మారిస్తే వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. కానీ పక్క మరలు కూడా అంతే వయసువి. రెంచీతో ఒకటి తిప్పితే ఆ ఊపుకు రెండోది వదులవుతుందని పెద్దాయన హెచ్చరించాడు. అమ్మ ఒక్కటి మార్చితే చాలంది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఇదే గోడ తెరవడం నాకు ఇష్టం లేదు. వేడినీళ్ల లైను మొత్తం, దాని పక్కనే పోయే చన్నీళ్ల లైను కూడా సిపివిసి (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేద్దామన్నాను. గాడి ఒకటే కాబట్టి రెండోదానికి అదనంగా పడేది పైపు ఖర్చు ఒక్కటే.

సెప్టెంబరు 27, శుక్రవారం

చీటీ పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి వేడినీళ్లకు కూడా తెల్ల పైపు చాలన్నాడు, ధర తక్కువని. వద్దన్నాను. తెల్లది యుపివిసి, చన్నీళ్లకు. మీగడ రంగులో ఉండేది సిపివిసి, అది 93 డిగ్రీల దాకా వేడి తట్టుకుంటుంది. గీజరు నీళ్లకు తెల్ల పైపు వేస్తే మెత్తబడి అతుకుల దగ్గర సాగుతుంది. అతికించే సాల్వెంట్ కూడా దేనిది దానికే కొనాలి. పైపు మీద సిపివిసికి ఐఎస్ 15778 అని ముద్ర ఉంటుంది, అది చూసి తీసుకున్నాను. ఎల్బోలు, టీలు (మూడు దారులు కలిసే ముక్కలు) రెండేసి ఎక్కువ కొన్నాను. వాడనివి వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకున్నాను. మొత్తం 7,840.

సెప్టెంబరు 28, శనివారం

గ్రైండర్ పని. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కినా దుమ్ము దేవుడి గూటిదాకా వచ్చింది. అమ్మ ముందే పటాలన్నిటికీ పాత పంచె కప్పింది. కోయడం మొదలుపెట్టే ముందు ఆ గోడలో కరెంటు తీగ ఎటు పోతోందో చూసి, మెయిన్‌లో ఆ గది స్విచ్ దించాడు. చెమ్మ పట్టిన గోడ, తడి నేల, చేతిలో కరెంటు మిషను. ఇది మరిచిపోకూడని జాగ్రత్త.

సెప్టెంబరు 29, ఆదివారం

పైపులు వేశారు. అతికించడం దగ్గర కూర్చుని చూశాను. సూటిగా కోయాలి. కోసిన అంచు గీకాలి. తడి లేకుండా తుడవాలి. ఫిట్టింగులోకి ఎంత లోతు పోతుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. సాల్వెంట్ పల్చగా రెండు వైపులా పూసి, నెడుతూ పావు వంతు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. సహాయకుడు ఒకచోట వెంటనే చెయ్యి వదిలేస్తే పైపు వెనక్కి జారింది. పెద్దాయన ఏమీ అనకుండా ఆ అతుకు కోసి పారేసి కొత్త ఎల్బో తీసుకున్నాడు. ఎక్కువ కొన్నది అక్కడ పనికొచ్చింది.

గీజరు విప్పినప్పుడు లోపలి మెగ్నీషియం రాడ్డు కూడా తీసి చూపించాడు. ట్యాంకు లోహానికి బదులు తాను అరిగిపోవడమే దాని పని. మాది పెన్సిల్ అంత సన్నబడింది. ఉప్పునీళ్లు ఉన్న చోట ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చూసుకోవాలట. కొత్తది 350. గీజరు అడుగున సేఫ్టీ వాల్వు నుంచి అప్పుడప్పుడూ చుక్కలు పడతాయి. దానికి బిరడా కొట్టిన ఇళ్లు కూడా చూశానన్నాడు. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి పోవాల్సిన దారి అది. ఎప్పుడూ మూయకూడదు.

సెప్టెంబరు 30, సోమవారం

అతుకులు ఆరడానికి 24 గంటలు ఆగి సాయంత్రం ప్రెషర్ టెస్ట్ పెట్టాం. అన్ని కొళాయి చోట్లా డమ్మీలు (మూసే బిరడాలు) బిగించి, చేతి పంపుతో నీళ్లు ఎక్కించాడు. పంపు మీటరు ముల్లు (చదరపు సెంటీమీటరుకు) 7 కిలోల దగ్గర ఆపాడు. మా ట్యాంకు ఐదు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల నీళ్లకు దాదాపు ఒక కిలో ఒత్తిడి, కాబట్టి మామూలుగా ఈ పైపుల్లో ఉండేది అర కిలోనే. దానికి పద్నాలుగింతలు పెట్టి చూస్తున్నాం.

పావుగంటకు ముల్లు 6కు దిగింది. నాకు టెన్షన్ మొదలైంది. ఆయన టార్చి పట్టుకుని ఒక్కో అతుకునూ పొడి వేలితో తడుముతూ పోయాడు. షవర్ దగ్గర డమ్మీలో తేమ. సహాయకుడు టెఫ్లాన్ టేపు తిరగేసి చుట్టాడు. మర మనకు ఎదురుగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ముద్దలా పైకి వచ్చేస్తుంది. విప్పి మళ్లీ చుట్టి, మళ్లీ 7కు పెట్టాం. రెండు గంటలు. ముల్లు అక్కడే ఉంది. ఈ టెస్టు చేయకుండా పూడ్చేసి ఉంటే మళ్లీ గోడ తెరవాల్సిందే. ఎవరితో పని చేయించుకున్నా, ఎంత తొందరలో ఉన్నా, ఈ రెండు గంటలు అడగాలి. పని తెలిసినవాడు అడిగినందుకు కోపం తెచ్చుకోడు.

పూడ్చే ముందు ఫొటోలు తీశాను. మా అమ్మాయి టేపు పట్టుకుంది. నేల నుంచి ఎంత ఎత్తు, తలుపు చట్రం నుంచి ఎంత దూరం, ప్రతి ఎల్బోకూ కొలత. టేపు కూడా ఫొటోలో కనపడేలా తీశాం. తర్వాత నోటుపుస్తకంలో నాలుగు గోడలూ గీసి అంకెలు వేశాను. ఒక కాపీ మెయిన్ బోర్డు పెట్టె లోపల అంటించాను. నాన్న ఉంటే ఈ కాగితం చూసి సంతోషించేవాడు.

అక్టోబరు 3, గురువారం

తాపీ పని, టైల్స్ కలిపి 4,200. పాత టైల్ దొరకలేదు కాబట్టి ఆ వరస ముదురు నీలం వేయించాం. పెద్దాయన, సహాయకుడు మూడు రోజుల కూలీ 4,950. వాల్వులు పెట్టిన రోజుది, వాషరు, రాడ్డు, సామాన్లు అన్నీ కలిపితే 18,090. పోయిన అడ్వాన్సు 2,000 ఇందులో లేదు. అమ్మ గది గోడకు ఇప్పుడే రంగు వేయొద్దన్నారు. లోపలి తడి ఆరాలి. బీరువా దూరంగా జరిపి ఫ్యాను పెట్టాం.

అక్టోబరు 8, మంగళవారం

గరుడసేవ రోజు. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి బంధువులు ఆరుగురు వచ్చారు. ఇల్లు కళకళలాడుతోంది. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు వంటింటి సింకు నిండిపోయింది. ఈరోజు ఏ ప్లంబరూ రాడు, అడగడం కూడా న్యాయం కాదు.

మా బావ షాపుకెళ్లి యాసిడ్ బాటిల్ తెస్తానన్నాడు. ఆపాను. యాసిడ్ చేతులు, కళ్లు, సింకు లోహం అన్నిటికీ చేటే. ఇంతకు ముందు బ్లీచింగ్ పోసి ఉన్న గొట్టంలో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, ఇరుకు వంటింట్లో అది ప్రాణాపాయం. సింకు కింద బకెట్ పెట్టి, బాటిల్ ట్రాప్ (సింకు గొట్టానికి ఉండే సీసాలాంటి భాగం) అడుగు మూత చేత్తోనే విప్పాను. పెద్దాయన ముందు రోజుల్లో చూపించి ఉండటం మంచిదైంది. లోపల గడ్డకట్టిన నూనె, అన్నం మెతుకులు, కరివేపాకు ఈనెలు, ఒక చిన్న స్పూను. కడిగి, వాషరు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాను. వేడి నీళ్లు పోస్తే గడగడా దిగిపోయాయి. పావుగంట పని. అప్పటి నుంచి పులిహోర తాలింపు మూకుడు కాగితంతో తుడిచాకే సింకులో వేస్తున్నాం.

అక్టోబరు 13, ఆదివారం

బంధువులు వెళ్లారు. మిగిలిన చిన్న పనులు.

వంటింటి కొళాయి: కొత్తది కొనాలని అనుకున్నాను. మూతి దగ్గర జాలీ విప్పితే బెజ్జాలన్నీ తెల్లటి సున్నంతో మూసుకుపోయాయి. గిన్నెలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దాను. ధార మామూలుగా వస్తోంది. మా ఎం.ఆర్.పల్లి బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. పరీక్ష చేయిస్తే లీటరుకు 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) చెప్పే మంచి హద్దు 200, వేరే దారి లేకపోతే 600 దాకా. కాబట్టి తాగడానికి, వంటకు మున్సిపల్ నీళ్లే పట్టుకుంటాం. తిరుపతికి కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ నుంచి వచ్చే నీళ్లు అవి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ జాలీ మూడు నెలలకోసారి విప్పి చూసుకోవాలి.

వెనక బాత్‌రూమ్ వాసన: డ్రైనేజీ పగిలిందేమోనని భయపడ్డాం. అసలు కారణం, ఆ బాత్‌రూమ్ ఎవరూ వాడకపోవడం. నేల మీద నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌లో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మురుగు గాలికి అడ్డు. వాడని చోట అవి ఆవిరైపోతాయి, వాసన, బొద్దింకలు పైకి వస్తాయి. వారానికి ఒక బిందె నీళ్లు పోస్తున్నాం. వాసన లేదు.

అక్టోబరు 16, బుధవారం

అల్పపీడనం. నిన్నటి నుంచి ఎడతెరిపి లేని వాన, బడులకు సెలవు. ఈ వారం సంపు కడిగించాలనుకున్నాను. పెద్దాయనకు ఫోను చేస్తే గట్టిగా వద్దన్నాడు.

"వానల్లో సంపు కాళీ చేయొద్దమ్మా. మన పక్కనే జరిగింది మరిచిపోతివా?"

మరిచిపోలేదు. 2021 నవంబరు వరదల తర్వాత ఇక్కడికి దగ్గర్లోనే, శ్రీకృష్ణానగర్‌లో, సిమెంటు రింగులతో కట్టిన సంపును ఒకావిడ లోపలికి దిగి కడుగుతుండగా అది భూమిలోంచి పైకి లేచింది. ఆమె బయటపడింది. చుట్టుపక్కల జనమంతా వెళ్లి చూశారు, నేనూ చూశాను. అంత ఎత్తున నిలబడిన ఆ రింగులు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. చాలామంది వింత అన్నారు. కారణం తెలిస్తే భయం ఇంకా పెరుగుతుంది. వరదకు భూమిలో నీళ్లు పైదాకా వచ్చి, చుట్టూ మట్టి బురదైంది. సంపులో నీళ్లున్నంత సేపూ ఆ బరువు దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. తోడేస్తే, ఖాళీ డబ్బా నీళ్లలో తేలినట్టు, భూమిలోని నీళ్లు దాన్ని అడుగు నుంచి పైకి తోస్తాయి. నేల తడిగా ఉన్నంత కాలం మా సంపు నిండుగానే ఉంచుతాం. ఈశాన్య రుతుపవనాలు పోయాక, సంక్రాంతి తర్వాత చూద్దాం.

నవంబరు 24, ఆదివారం

అమ్మ గది గోడ ఆరింది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా లేదు. పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి రంగు వేశారు. కరెంటు బిల్లులో మోటారు తేడా కనబడుతోంది, రోజుకు ఒక్కసారే వేస్తున్నాం.

2025 జనవరి 19, ఆదివారం

సంపు పని. పెద్దాయన తన కొడుకుతో వచ్చాడు. మూత పొద్దున్నే తెరిచి గంటన్నర గాలి తగలనిచ్చారు. కొడుకు నడుముకు తాడు కట్టుకుని దిగాడు, పైన తాడు పట్టుకుని పెద్దాయన, పక్కన నేను. మూసి ఉన్న సంపులో ఒంటరిగా ఎవరినీ దించకూడదు. లోపల గాలి సరిగ్గా లేకపోతే మనిషి అరిచే లోపే సోలిపోతాడు, కాపాడాలని వెనకే దూకిన వాళ్లూ పోయిన సంఘటనలు మన చుట్టూ ఉన్నాయి. యాసిడ్, ఘాటైన మందులు లోపల వాడలేదు. బ్రష్‌తో రుద్ది, అడుగున రెండు బకెట్ల ఒండ్రు తీసి, రెండుసార్లు నీళ్లు పట్టి తోడారు. మూత అంచుకు రబ్బరు అతికించి దోమలు దూరకుండా చేశారు.

వెళ్లేటప్పుడు అమ్మ ఇద్దరికీ మిగిలిన అరిసెలు కాగితంలో కట్టిచ్చింది. పెద్దాయన మిద్దె ఎక్కి రెండు వాల్వుల పిడులు ఒకసారి మూసి తెరిచాడు. మూడు నెలలకోసారి ఇట్లా కదిలించకపోతే అవి కూడా బిగుసుకుంటాయన్నాడు. ఆ పని మా అమ్మాయి తీసుకుంది.

రాత్రి పది గంటలకు కొలత అమ్మే తీసింది. మోకాళ్ల నొప్పితో మిద్దె ఎక్కొద్దన్నా వినలేదు. 94. పొద్దున ఐదున్నరకు నేను లేచేసరికే పైనుంచి పిలిచింది. "తొంభై నాలుగే ఉందే, రాసుకో!"